పసుపు చీటీ మీద ఉన్న మందు

"అమ్మా, ముట్టుకోకు" అంది నా కూతురు.

ఆ మాట ఆ గొంతుతో వినడం నాకది రెండోసారి. మొదటిసారి అన్నది మా అమ్మ, నాకు ఏడేళ్లప్పుడు, తడిబట్టతో వంటింటి గుమ్మంలో నిలబడి. మడి కట్టుకున్న మనిషిని ముట్టుకుంటే ఏమవుతుందో చూడాలని పనిగట్టుకుని వెళ్లి ముట్టుకున్నాను. ఏమీ కాలేదు. వీపు మీద ఒకటి పడింది, అంతే. నా హేతువాదం అక్కడే మొదలైందని తర్వాత చాలా సభల్లో చెప్పాను. జనం నవ్వేవారు.

రెండోసారి ఉప్పల్ రోడ్డు మీద, నా కూతురు పనిచేసే పరిశోధనశాలలో. ఏడాదికి ఒక రోజు ఇంటివాళ్లను లోపలికి రానిస్తారు. ఆమె బల్ల మీద మంచు నింపిన డబ్బా ఉంది. మంచులో చిటికెన వేలంత లేని ప్లాస్టిక్ గొట్టాలు గుచ్చి ఉన్నాయి. ఒకదాని వైపు చేయి చాపాను.

"ఏమే, నువ్వు కూడా మడి కట్టుకున్నావా?" అన్నాను.

"కట్టుకున్నాను. మన చేతుల మీద ఆర్‌ఎన్‌ఏను కొరికి తినేసే ఎంజైమ్ ఉంటుంది. నువ్వు ముట్టుకుంటే నా నెల రోజుల పని పోతుంది. నమ్మకపోతే పనికిరాని గొట్టం ఒకటి ఇస్తాను, ముట్టుకుని వెళ్లి, రేపొచ్చి చూడు. అమ్మమ్మ ఎప్పుడైనా నిన్నిలా పరీక్ష పెట్టుకోనిచ్చిందా?"

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. 

నేను పుట్టింది గుంటూరు వైపు. మా నాన్న ఊరూరా తిరిగి స్వాములతో వాదాలు పెట్టుకునే మనిషి. ఎదుటివాడి మాటను ముందు వాడికంటే బాగా తిరిగి చెప్పు, ఆ తర్వాతే ఖండించు అని నేర్పింది ఆయనే. పన్నెండేళ్లకే నన్ను బల్ల మీద నిలబెట్టి పునర్జన్మ లేదని మాట్లాడించాడు. ఉద్యోగం ఉప్పల్‌లో వచ్చింది, మ్యాపులు గీసే ప్రభుత్వ ఆఫీసులో. ముప్పై రెండేళ్లు దేశంలోని వాగులూ వంకలూ సన్న నిబ్బుతో గీసి రిటైరయ్యాను. ఇప్పుడు నాచారంలో రెండో అంతస్తులో నేనూ నా కూతురూ ఉంటాం. ఆమె పరిశోధన చేస్తుంది, నేను వ్యాసాలు రాస్తాను.

తన పని నాకు అర్థం చేయించడానికి నా ఆఫీసునే వాడుకుంది. "మీ దగ్గర అసలు మ్యాపు ఎప్పుడైనా బయటికి వచ్చేదా?" అని అడిగింది. వచ్చేది కాదు. అది ఇనుప బీరువాలో ఉండేది. దాని మీద పలచటి కాగితం పరిచి తీసిన ట్రేసింగులే పని జరిగే చోటికి వెళ్లేవి.

"కణంలోనూ అంతే. జన్యువు బీరువాలోని మ్యాపు. దాని నకలు ఆర్‌ఎన్‌ఏగా బయటికి వస్తుంది, ఆ నకలు చూసి ప్రోటీన్ తయారవుతుంది. క్యాన్సర్ కణంలో కొన్ని జన్యువులు ఆగకుండా నకళ్లు పంపుతూనే ఉంటాయి, ఇంకా పెరగమని. నేను బీరువా జోలికి పోను. ఆ నకల్లో ఒక చోట సరిగ్గా అతికే చిన్న ఆర్‌ఎన్‌ఏను, ఇరవై ఒక్క అక్షరాల ముక్కను, లోపలికి పంపుతాను. కణంలో ముందే ఒక కత్తెర ఉంటుంది. అది నా ముక్కను పట్టుకుని, దానికి అతికే నకళ్లన్నిటినీ వెతికి కత్తిరిస్తుంది. మ్యాపు మ్యాపుగానే ఉంటుంది. రోడ్డు పడదు."

దీన్ని వాళ్లు జన్యువు నోరు మూయించడం అంటారు. ఆ మాట నాకు విపరీతంగా నచ్చింది. నేను జీవితమంతా చేయాలనుకున్న పని అదే కదా.

మా కింది వాటాలో ఒకావిడ ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందట భర్తతో జనగామ వైపు నుంచి వచ్చి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మందు గోలీలు చేసే కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్లో చేరింది. భర్త ఘట్‌కేసర్ దగ్గర ఒక కాలేజీ బస్సు నడుపుతాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్న, నన్ను అక్కా అంటుంది. నేను దేవుడు లేడని మొదలుపెడితే, "నీకు లేడు తియ్యక్కా, నాకున్నడు. సరికి సరి" అని నవ్వేస్తుంది. బోనాల రోజు వండినదాంట్లో నాకు మాత్రం విడిగా తీసి, అమ్మవారికి చూపించకముందే పైకి పంపిస్తుంది, నా సిద్ధాంతం చెడిపోకూడదని. ఇంత మర్యాద నాకు నా తోటి హేతువాదులు కూడా చేయలేదు.

ఆమెకొక అలవాటు ఉంది. ఎవరింట్లో మందు పట్టీ కనబడినా తిప్పి చూసి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ పెదాలు కదుపుతూ చదువుతుంది. నా బీపీ గోలీలు ఆమె చదివి తల ఊపాకే డబ్బాలోకి వెళతాయి.

పోయిన వానాకాలంలో ఆమె రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఆరు విడతల కీమో అన్నారు, మూడు వారాలకొకటి. రెండు విడతలయ్యేసరికి మనిషి సగానికి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నా కూతురు చెప్పులు విప్పకుండా హాల్లోకి వచ్చి, "చచ్చాయమ్మా" అంది. హడలిపోయాను. చచ్చింది పళ్లెంలోని క్యాన్సర్ కణాలు. ఏడాదిగా తను వెంటపడుతున్న జన్యువు మీదికి పంపిన ముక్క పడిన పళ్లెం గుంటల్లో కణాలు రాలిపోయాయి. ఏమీ వేయని గుంటల్లో నిక్షేపంగా ఉన్నాయి. ఇద్దరం రోడ్డు మీదికి వెళ్లి బండి దగ్గర నిలబడి మిర్చి బజ్జీలు తిన్నాం.

"ఎవరికీ చెప్పకమ్మా. ఇలా వచ్చింది ఒక్కసారే. ఆర్డరిచ్చిన ఉత్తుత్తి వరస ఇంకా రాలేదు. అది వేసి చూస్తే గానీ ఏమీ అనలేను" అంది.

ఉత్తుత్తి వరస అంటే, అవే ఇరవై ఒక్క అక్షరాలు తారుమారు చేసి కూర్చినవి. అది ఆ నకలుకు అతకదు, కాబట్టి ఏమీ చేయకూడదు. దాన్ని కూడా అదే పద్ధతిలో కణాల్లోకి పంపుతారు. అప్పుడు కూడా కణాలు చస్తే, చంపింది మందు కాదన్నమాట.

"సరే" అన్నాను. బజ్జీ నోట్లో ఉండగా ఇచ్చిన మాట అది.

ప్రతి ఆదివారం సాయంత్రం కాలనీ కమ్యూనిటీ హాల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడుకోవడానికి ఒక గంట కూర్చుంటాం. రిటైరైన రైల్వే వాళ్లు, చుట్టుపక్కల ఆడవాళ్లు, నలభై కుర్చీలు, ఒక మైకు. ఆ వారం చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ లేచింది, పసరుతో క్యాన్సర్ మాయం చేస్తామని. నాకింకేం కావాలి. మైకు పట్టుకుని ఏకిపారేశాను. ఎంతమందికి పోశాడు, ఎంతమందికి తగ్గింది, పోయని వాళ్లకు ఏమైందో చూశాడా అని అడిగాను. చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినబడితే నేను ఆగలేను. అది మా నాన్న నేర్పింది కాదు, నా సొంత సంపాదన.

"పసరెందుకు మనకు? ఇక్కడికి కూతవేటు దూరంలో, మన ఉప్పల్లో, మన ఆడపిల్లలు క్యాన్సర్ నోరు మూయించే మందు తీశారు. కణాలు పళ్లెంలోనే చచ్చాయి" అన్నాను.

మూడో వరసలో తలకు స్కార్ఫ్ కట్టుకుని కూర్చున్న మా కింది వాటా ఆవిడ అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది.

ఆ మంగళవారం ఆమెకు మూడో కీమో. నేనొక వ్యాసంలో పడి ఆ సంగతే మరిచిపోయాను. గురువారం పొద్దున డాబా మీదికి వెళితే, తీగ మీద బట్టలు ఆరేస్తూ కనబడింది. కీమో అయిన వారం ఆమె మంచం దిగేది కాదు.

"పర్వాలేదే, ఈసారి నీరసం లేదా చెల్లీ?"

"పోతె గద నీరసం. పోలే."

"పోలేదా? ఎందుకు?"

"బిడ్డ మందు తీసింది గద అక్కా. ఇంకెన్ని దినాలు? నెల? రెండు నెలలు? గందాక ఆగుత. గా ఎర్రమందు ఎక్కిచ్చుకుంటె నోట్లె ఇనుము నమిలినట్టుంటది. నీళ్లు గూడ సయిస్తలేవు."

నా చేతిలోని బకెట్టు కింద పెట్టాను. అక్కడే మొదలుపెట్టాను. పళ్లెంలో కణం వేరు, ఒంట్లో గడ్డ వేరు. ఆ చిన్న ముక్క ఒట్టిగా రక్తంలో పడితే గడ్డ దాకా చేరకముందే ముక్కలైపోతుంది. దాన్ని కొవ్వు బొట్లలో చుట్టి పంపితే ఎక్కువగా కాలేయానికే పోతుంది. అందుకే ఇలాంటి మందులు కాలేయం దగ్గర పట్టుకోగల కొన్ని జబ్బులకు వచ్చాయి గానీ క్యాన్సర్‌కు ఇంకా రాలేదు. రావడానికి ఎన్నేళ్లు పడుతుందో నా కూతురే చెప్పలేదు. డాక్టర్లు ఇచ్చేది ఎంత చేదైనా పరీక్షకు నిలిచిన మందు. నేను చెప్పిన ప్రతి ముక్కా నిజం. ఆమె నోట్లో క్లిప్పు పట్టుకుని, ఒక్కో చీరా దులిపి ఆరేస్తూ అంతా విన్నది.

"అక్కా, ఒక్క మాట. ఆదివారం మైకుల జెప్పింది గూడ నువ్వే. గప్పుడు అబద్ధం జెప్పినవా, గిప్పుడు జెప్తున్నవా?"

  ఆమె కోపంగా అనలేదు. "దవాఖానకు తోలనీకె గిట్లంటున్నవ్ తియ్. నాకెరుకలేదా" అని నా భుజం తట్టి, ఖాళీ బకెట్టు తీసుకుని దిగిపోయింది.

ఫ్లెక్సీ పెట్టినవాణ్ని ఆమె నమ్మలేదు. నన్ను నమ్మింది. పసరు పోసేవాడికి ఆమె కీమో ఆపించడం చేతకాలేదు, నాకు చేతనైంది. 

సాయంత్రం నా కూతురు రాగానే చెప్పేశాను. కేకలేస్తుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మా, ఉత్తుత్తి వరస పోయిన వారమే వచ్చింది. వేశాను. నిన్న చూశాను. అందులోనూ చచ్చాయి."

"అంటే?"

"అంటే చంపింది నా ముక్క కాదు. ముక్కను లోపలికి తీసుకెళ్లడానికి చుట్టే కొవ్వు మందు మోతాదు ఎక్కువైంది. ఆ దెబ్బకే పోయాయి."

"మరి నిన్ననే ఎందుకు చెప్పలేదే?"

"నేనొచ్చేసరికి ఫోన్లో పెద్దమ్మకు నా మందు సంగతే చెప్తూ నవ్వుతున్నావు. ఇంకొక్కరోజు నవ్వుకోనీలే అనుకున్నాను."

ఏడాది పని కూలిపోయిన పిల్ల నా నవ్వు కాపాడాలని చూసింది. దగ్గరికి వెళ్లి తల నిమరబోతే, "ముట్టుకోకు, చెమట" అని తనే నవ్వింది. "మోతాదు తగ్గించి మళ్లీ మొదటి నుంచి చేస్తాను, అదేం కొత్త కాదు. పద, కిందికి వెళ్దాం. నువ్వు మాత్రం మాట్లాడకు."

కింద ఆమె చాప మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. నా కూతురు ఎదురుగా కూర్చుని తనూ నాలుగు రెబ్బలు చేతిలోకి తీసుకుంది. నేను గుమ్మానికి ఆనుకుని నోరు మూసుకున్నాను. జన్యువు నోరు మూయించడం కంటే కష్టమైన పని.

"చిన్నమ్మా, నేను రెండు రకాల గుంటలల్ల చేసిన. ఒకదాంట్ల నా మందు ఏసిన. ఇంకోదాంట్ల ఉత్తుత్తి మందు ఏసిన, అది ఏం చెయ్యదు, నీళ్లోలె అనుకో." నా కూతురు నాచారం బడుల్లో పెరిగింది, కిందికి వస్తే భాష మారిపోతుంది.

"ఆఁ. కంట్రోలు శాంపిలు."

"నీకెట్ల తెలుసు?"

"తెల్వకేంది. ప్రతి బ్యాచుల కెల్లి కొన్ని పట్టీలు తీసి అల్మారల దాస్తం గద. మాల్ మీద ఏదన్న లొల్లి అయితె అవి తీసి సూస్తరు. ఊఁ, జెప్పు."

"రెండిట్ల సచ్చినయ్."

ఆమె చేతిలోని రెబ్బ ఆగింది. "ఉత్తుత్తి దాంట్ల గూడనా?"

"దాంట్ల గూడ."

"గట్లయితె సంపింది నీ మందు గాదు."

"కాదు చిన్నమ్మా."

నేను గంటసేపు చెప్పినా ఎక్కనిది నాలుగు మాటల్లో ఎక్కింది. ఆమె వెల్లుల్లి పొట్టు అరచేత్తో ఒక పక్కకు నెట్టి, నా వైపు తిరిగింది.

"ఇటు రా అక్కా, కూసో. మా కంపెనీల మాల్ డ్రమ్ముల వస్తది. రాంగనే పసుపు చీటీ అంటిస్తరు. అంటె ఇంకా పరీక్షల ఉన్నట్టు. ల్యాబోళ్లు సూసి, మంచిగుంటె ఆకుపచ్చ చీటీ, లేకుంటె ఎర్ర చీటీ. పసుపు చీటీ మీద ఉన్నదాన్ని మేనేజరొచ్చినా ముట్టనియ్యం. ఒకపారి సూపర్‌వైజర్ ఆర్డరు తొందరున్నదని, రేపెట్లైన పాసైతదని, పసుపు మీదున్న మాల్ లైను మీదికి తెచ్చిండు. నేను ప్యాకింగుకు కూసోనన్న. పొద్దుగూకేదాక నిలబడ్డ."

"పాసయిందా?" అని అడిగాను, ఆగలేక.

"అయింది. అయితె ఏంది? పాస్ గాకముందు పాసైనట్టె పంపుతరా?" నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఆదివారం నువ్వు జేసింది గదే. బిడ్డ పసుపు చీటీ అంటిచ్చి పెట్టింది. నువ్వు దాని మీద ఆకుపచ్చది అంటిచ్చి మైకుల సూపెట్టినవ్. నేను గూడ రంగు సూడకుండ తీసుకుంటి. ఇరవై ఏండ్ల సర్వీసు నాది."

నేను ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. మా నాన్న ఉంటే ఈమెను బల్ల మీద నిలబెట్టేవాడు.

"తప్పయింది చెల్లీ" అన్నాను.

"నాది గూడ ఉన్నది. కీమో అంటె భయమక్కా. ఎవలన్న వద్దంటె బాగుండు అనిపిస్తుండె. నువ్వంటివి." చివరి రెబ్బ వలిచి గిన్నెలో వేసింది. "దవాఖానకు పోత. గని ఒకటి. ఆడ కూసున్న అందరిల మా లైనుల పనిచేసే ఆమె అత్త గూడ ఉండె, ఆమెకు గర్భసంచిల ఉన్నది. ఎంతమంది నాలెక్క ఆగిన్రో నాకేమెరుక. నువ్వు ఆడ అంటిచ్చినవ్, ఆడనే తియ్యాలె. తీసినంక నన్ను తోలుకపో."

దవాఖానకు ఫోన్ చేస్తే సోమవారం రమ్మన్నారు. మధ్యలో ఆదివారం ఉంది.

ఆ మూడు రోజులు నేను వ్యాసం రాయలేదు. ఎదుటివాళ్ల తప్పు చెప్పడానికి నా దగ్గర ఎన్ని వాక్యాలైనా ఉన్నాయి. నా తప్పు చెప్పడానికి ఒక్కటీ కుదరలేదు. ప్రతి వాక్యం చివర నాకు తెలియకుండానే ఒక సాకు వచ్చి కూర్చునేది. ఉద్దేశం మంచిదే గానీ, ఉత్సాహంలో, అంటూ. ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతే చివరికి నాలుగు ముక్కలు మిగిలాయి.

హాల్లో లేచి ఆ నాలుగే చదివాను. పోయిన వారం నేను క్యాన్సర్‌కు మందు తీశారని చెప్పాను. తీయలేదు. ఒక ప్రయోగం జరిగింది, అది నిలబడలేదు, అది నిలబడిందో లేదో తెలియకముందే నేను చెప్పాను. నా మాట విని ఎవరైనా చికిత్స ఆపి ఉంటే రేపే వెళ్లండి, తోడు కావాలంటే నేను వస్తాను.

ముందు వరసలో రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అంటే మీ అమ్మాయి ఫెయిలైందాండీ?"

"పరీక్షలో ఉంది. ఫెయిలైంది నేను."

చప్పట్లు లేవు. కుర్చీలు కదిలిన చప్పుడు వినబడింది. వెనక నుంచి ఒక ముసలామె కోడలి చేయి పట్టుకుని లేచి నా దగ్గరికి వచ్చి, "గట్లనే అనుకుని నేను స్కానింగుకు పోలే బిడ్డా" అని మాత్రం చెప్పింది. కోడలు తలదించుకుంది. ఒక్కరు. ఒక్కరే అయినా చాలు, ఆ రాత్రి నాకు అన్నం సయించకపోవడానికి.

మూడో వరసలోంచి నా కింది వాటా ఆవిడ లేచి, అందరూ వినేలా, "చీటీ తీసింది. ఇగ ఆమెను ఏమనకున్రి" అంది. బయటికి వస్తూ నా చెవిలో, "రేపు ఏడింటికి తయారుండు. అద్దాలు మరువకు" అంది.

సోమవారం ఉప్పల్ స్టేషన్లో మెట్రో ఎక్కాం. దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూ, ఏ ఇల్లు కొత్తగా లేచిందో చెబుతూ ఉంది. మాట ఆగితే భయం వస్తుందని నాకు తెలుసు. అందుకే నేనూ అడుగుతూ పోయాను. డాక్టరమ్మ ఫైలు చూసి, ఆరు రోజులు ఎందుకు ఆగావని కోప్పడింది. "నా వల్ల" అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి మళ్లీ ఫైల్లోకి తల దించింది. రక్తం తీశారు. రెండు గంటలు కూర్చోబెట్టి, అంకెలు బాగానే ఉన్నాయి, ఇవాళే ఇవ్వొచ్చు అన్నారు.

కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. స్కార్ఫ్ సరిచేసుకుంది. కేరళ అమ్మాయి, నర్సు, ఎర్రమందు తెచ్చి పక్కన పెట్టి, ఆమె చేయి పట్టుకోబోయింది.

"జర ఆగు బిడ్డా" అంది మా కింది వాటా ఆవిడ.

నర్సు ఆగింది. మళ్లీ వద్దంటుందేమో అనుకున్నాను. ఆమె మందు సీసాను వెలుతురులోకి తిప్పమంది. పెదాలు కదుపుతూ లేబుల్ చదివింది, పేరు, బ్యాచ్ నంబరు. ఆ కింద అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయి. కళ్లు చికిలించింది. 

"అక్కా, గీ కింది లైను నాకు కనవడ్తలేదు. నువ్వు సూడు."

అద్దాలు పెట్టుకుని వంగాను. ముప్పై రెండేళ్లు వెంట్రుకంత గీతలు గీసిన కళ్లు నావి. నెల, సంవత్సరం ఒకటికి రెండుసార్లు చదివి, అప్పుడు చెప్పాను.

"ఇంకా ఏడాది పైనే గడువుంది."

"మంచిగ సూసినవా?"

"చూశాను. రెండుసార్లు."

ఆమె తల ఊపి, నర్సు వైపు చేయి చాపింది.